స్టెరాయిడ్లు పడని కిడ్నీ రోగులూ, పొడి అమ్మే మహానుభావులూ

"స్టెరాయిడ్లు పడని కిడ్నీ రోగులకు శుభవార్త! అల్లోపతిలో మీకు దారి లేదు. మా మూలికల పొడిలో స్టెరాయిడ్ లేదు. వేలాది మందికి నయమైంది. డయాలసిస్ అక్కర్లేదు." ఈ రకం కరపత్రాలు ఒకప్పుడు బస్టాండుల్లో చేతిలో పెట్టేవారు. ఇప్పుడు అవే మాటలు సెల్‌ఫోనుకి వస్తున్నాయి, మధ్యలో ఒక పెద్దమనిషి నవ్వుతూ మాట్లాడే వీడియోతో సహా. సరుకు మారలేదు, మోసే బండి మారిందంతే.

నేను డాక్టర్ని కాను. బి.కాం. చదివి, ముప్పై ఐదేళ్ళు రక్షణ లెక్కల శాఖలో బిల్లులు పాస్ చేసి, కొన్ని ఆపి, అభ్యంతరాలు రాసి రిటైరైన వాణ్ణి. కాబట్టి ఎవరు ఏ మందు వాడాలో నేను చెప్పను, చెప్పకూడదు. కానీ ఒక బిల్లు వచ్చినప్పుడు దాని వెనక వోచరు ఉందా అని అడగటానికి డాక్టరు కానక్కర్లేదు. పై కరపత్రంలో మూడు బిల్లులున్నాయి. ఒకటి, స్టెరాయిడ్ పడకపోతే ఆధునిక వైద్యంలో దారి లేదు అన్నది. రెండు, మా పొడి వల్ల వేలమందికి నయమైంది అన్నది. మూడు, మా పొడిలో హాని చేసేదేదీ లేదు అన్నది. ఒక్కొక్కటే చూద్దాం.

ముందు అసలు స్టెరాయిడ్‌ని కిడ్నీ జబ్బులో ఎందుకిస్తారో తెలియాలి. కిడ్నీలో రక్తాన్ని వడపోసే సన్నని జల్లెళ్ళు లక్షల్లో ఉంటాయి. కొన్ని జబ్బుల్లో మన రక్షణ వ్యవస్థే పొరపాటున ఆ జల్లెళ్ళ మీద పడి దెబ్బతీస్తుంది. అప్పుడు ఒంట్లో ఉండాల్సిన ప్రోటీన్ మూత్రంలో కొట్టుకుపోతుంది. రోజుకి మూడున్నర గ్రాములు దాటి పోతూ, రక్తంలో ఆల్బుమిన్ తగ్గి, మొహం కాళ్ళు నీరు పడితే దాన్ని నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారు. ఆ రక్షణ వ్యవస్థ దూకుడుని అణచటానికే స్టెరాయిడ్. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్ళవాతం రోగికి మొదటిసారి కార్టిజోన్ ఇచ్చాడు. 1950లో ఆయనకీ, కెండాల్‌కీ, రైక్‌స్టైన్‌కీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ తర్వాతే అది కిడ్నీ జబ్బులకీ వచ్చింది. పిల్లల్లో వచ్చే నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో ఎక్కువమందికి ఈ రోజుకీ మొదటి మందు అదే. చాలామంది పిల్లలకి కొద్ది వారాల్లోనే ప్రోటీన్ పోవటం ఆగిపోతుంది. యాంటీబయాటిక్కులూ స్టెరాయిడ్లూ లేని రోజుల్లో ఈ జబ్బుతో ఉబ్బిన పిల్లలు ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయేవారు. ఆ మాట ఏ కరపత్రంలోనూ ఉండదు.

అయితే స్టెరాయిడ్ అంటే జనానికి ఉన్న భయం ఉత్తుత్తి భయం కాదు. దీన్ని మన హేతువాద మిత్రులు గమనించాలి. ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడితే చక్కెర పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, తుంటి ఎముక తలకి రక్తం అందక అది కుంగిపోవచ్చు, కంట్లో శుక్లాలు వస్తాయి, కొందరికి మతి చలిస్తుంది, ఒంట్లో నిద్రపోతున్న క్షయ లేస్తుంది. ఇవన్నీ వైద్య పుస్తకాల్లో రాసి ఉన్నవే. భయపడ్డ రోగిని చూసి నవ్వితే ఆ రోగి నేరుగా పొడి అమ్మేవాడి దగ్గరికే పోతాడు. వాడు నవ్వడు కదా. కుర్చీ వేసి కూర్చోబెడతాడు.

ఇక మొదటి బిల్లు. "స్టెరాయిడ్ పడదు" అనే మాటని జనం నాలుగు రకాలుగా వాడతారు. ఒకటి, నిజంగానే ఇవ్వకూడని మనిషి: తుంటి ఎముక ఇప్పటికే పాడైనవాడు, చక్కెర అదుపులో లేనివాడు, గతంలో స్టెరాయిడ్‌తో మతి తప్పినవాడు. రెండు, ఇచ్చినా పని చెయ్యనివాడు. దీన్ని డాక్టర్లు స్టెరాయిడ్‌కి లొంగని జబ్బు అంటారు, అది వేరే సంగతి. మూడు, అసలు స్టెరాయిడ్ అవసరమే లేని జబ్బు ఉన్నవాడు. నాలుగు, భయంతో వద్దనుకున్నవాడు. ఈ నలుగురికీ జవాబులు వేరు వేరు. కరపత్రం వీళ్ళందర్నీ ఒకే సంచీలో వేసి ఒకే పొడి పోస్తుంది.

ఆ మూడో రకం వాళ్ళే మన దేశంలో అందరికంటే ఎక్కువ. మధుమేహం వల్ల కిడ్నీ చెడినవాళ్ళకి స్టెరాయిడ్ మందు కాదు. బీపీ వల్ల చెడినవాళ్ళకీ, రాళ్ళ వల్ల చెడినవాళ్ళకీ, వంశంలో వచ్చే తిత్తుల జబ్బుకీ కాదు. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు వేలమందిని పట్టి పీడిస్తున్న జబ్బు కూడా జల్లెడ జబ్బు కాదు. జల్లెడ కింద ఉండే గొట్టాలూ, వాటి చుట్టూ ఉండే కండా దెబ్బతినే జబ్బు. దానికి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు గానీ, స్టెరాయిడ్‌తో తగ్గేది కాదని మాత్రం తెలుసు. అలాంటి రోగికి "మా మందులో స్టెరాయిడ్ లేదు" అని చెప్పి డబ్బు తీసుకోవటం, శాకాహారికి "మా అరటిపండులో చేప లేదు" అని చెప్పి రెండింతల ధర పుచ్చుకోవటం లాంటిది.

సరే, స్టెరాయిడ్ అవసరమైన జబ్బే వచ్చి, ఆ స్టెరాయిడ్ ఇవ్వకూడని మనిషి అయితే? అప్పుడు డాక్టరు అడగవలసిన మొదటి ప్రశ్న "ఏ జబ్బు?" అన్నది. పెద్దవాళ్ళలో ఆ జవాబు చాలాసార్లు బయాప్సీతోనే తెలుస్తుంది. అంటే సూదితో కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడటం. జబ్బు పేరు తెలిస్తే దారులు తెలుస్తాయి. కొన్ని చెబుతాను.

మెంబ్రేనస్ నెఫ్రోపతి అని ఒకటుంది. పెద్దవాళ్ళలో నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కి ముఖ్యమైన కారణాల్లో అదొకటి. తమాషా ఏమిటంటే దానికి స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే పని చెయ్యదు. చాలాకాలం ఒక నెల స్టెరాయిడ్, ఒక నెల సైక్లోఫాస్ఫమైడ్ చొప్పున ఆరు నెలలు ఇచ్చేవారు. ఇప్పటికీ కొందరికి ఇస్తారు. 2009లో ఈ రోగుల్లో ఎక్కువమంది రక్తంలో పిఎల్‌ఎ2ఆర్ అనే ప్రోటీన్‌కి వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీ దొరికింది. అంటే దొంగ ఎవరో తెలిసింది. ఆ యాంటీబాడీలు తయారు కావటానికి మూలమైన బి కణాలని తీసేసే రిటుక్సిమాబ్ అనే మందుని మెంటార్ అనే పరీక్షలో చూశారు, 2019లో ఫలితాలు అచ్చయ్యాయి. 130 మంది రోగులు. సగం మందికి రిటుక్సిమాబ్, సగం మందికి సైక్లోస్పోరిన్. రెండు జట్లకీ స్టెరాయిడ్ లేదు. రెండేళ్ళ తర్వాత చూస్తే రిటుక్సిమాబ్ జట్టులో 60 శాతం మందికి జబ్బు అణిగి ఉంది, సైక్లోస్పోరిన్ జట్టులో 20 శాతం మందికే. ఈ రిటుక్సిమాబ్‌కి సమానమైన మందుని ప్రపంచంలో మొట్టమొదట 2007లో బజారులోకి తెచ్చింది మన హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్. ఇంటి పక్కన తయారైన మందు సంగతి తెలియక, దారి లేదని ఏడ్చేవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో!

మినిమల్ చేంజ్ అని ఇంకో జబ్బు. పిల్లల్లో ఎక్కువ, పెద్దల్లోనూ వస్తుంది. స్టెరాయిడ్‌కి బాగా లొంగేది ఇదే. అయినా పెద్దవాళ్ళలో స్టెరాయిడ్ బదులు టాక్రోలిమస్ ఒక్కటే ఇస్తే ఎలా ఉంటుందని ఇంగ్లండులో 52 మంది మీద పరీక్ష చేసి 2020లో ప్రకటించారు. చివరికి రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మందు తగ్గించాక జబ్బు తిరగబెట్టటం మాత్రం రెండింటిలోనూ ఎక్కువే. 52 మంది అంటే చిన్న పరీక్షే, దాన్నిబట్టి గొప్పలు పోనక్కర్లేదు. కానీ దారి ఉందా లేదా అంటే, ఉంది.

ఐజిఎ నెఫ్రోపతి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా అని డాక్టర్లే ఏళ్ళ తరబడి కొట్లాడుకున్న జబ్బు ఇది. టెస్టింగ్ అనే పేరుతో చైనా, ఆస్ట్రేలియా, కెనడా, మలేషియా, మన దేశం కలిసి ఒక పరీక్ష మొదలుపెట్టాయి. స్టెరాయిడ్ వాడిన 136 మందిలో 20 మందికి తీవ్రమైన హాని జరిగింది, ఉత్తుత్తి మాత్ర వాడిన 126 మందిలో నలుగురికే. ఇన్ఫెక్షన్లతో ఇద్దరు చనిపోయారు. అంతే, ఆ మోతాదు ఆపేశారు, 2017లో ఆ లెక్కంతా అచ్చు వేశారు. తర్వాత మోతాదు తగ్గించి, ఇన్ఫెక్షన్ రాకుండా ముందుజాగ్రత్త మందు కలిపి కొనసాగించి 2022లో మళ్ళీ ప్రకటించారు. తక్కువ మోతాదుతోనూ మేలు కనపడింది, హాని తగ్గింది. మిత్రులారా, స్టెరాయిడ్ హాని గురించి కరపత్రం వాడు ఈ రోజు అరుస్తున్నాడంటే ఆ హానిని లెక్కపెట్టి చెప్పింది ఎవరు? స్టెరాయిడ్ ఇచ్చిన డాక్టర్లే. తన తప్పు తానే ఆడిట్ చేసుకుని నోటీసు బోర్డు మీద అంటించే వ్యవస్థకీ, ఖాతా పుస్తకమే లేని వ్యాపారానికీ తేడా ఇక్కడే ఉంది.

ఇవి కాక, ఏ జల్లెడ జబ్బుకైనా పునాదిగా ఉండే వైద్యం ఒకటుంది. బీపీ అదుపు, ఉప్పు తగ్గించటం, జల్లెడ మీద ఒత్తిడి తగ్గించి ప్రోటీన్ పోవటాన్ని తగ్గించే ఏసిఇ, ఏఆర్‌బి రకం మాత్రలు. వీటిలో స్టెరాయిడ్ చుక్క లేదు. 2020లో డపాగ్లిఫ్లోజిన్ అనే చక్కెర మాత్రని 4304 మంది కిడ్నీ రోగుల మీద చూస్తే, మధుమేహం లేనివాళ్ళకి కూడా కిడ్నీ చెడే వేగం తగ్గింది. ఐజిఎ జబ్బు కోసమే 2023లో స్పార్సెంటాన్, 2024లో ఇప్టాకోపాన్ అనే స్టెరాయిడ్ కాని మందులకి అమెరికాలో అనుమతి వచ్చింది. "ప్రకృతి మందు" అని మురిసిపోయేవాళ్ళకి ఇంకో ముక్క: ఏసిఇ మాత్రల్లో మొదటిదైన కాప్టోప్రిల్, బ్రెజిల్ దేశపు ఒక రక్తపింజర జాతి పాము విషాన్ని పరిశోధించగా పుట్టింది. పాము విషం కంటే ప్రకృతి సిద్ధమైనది ఇంకేముంటుంది? ఆ విషాన్ని ఎవరూ సీసాలో పోసి అమ్మలేదు. అందులో పని చేసే ముక్క ఏదో కనిపెట్టి, దానిలాంటిది తయారుచేసి, పరీక్షించి, మోతాదు తేల్చి 1981లో బజారులోకి తెచ్చారు. ప్రకృతికి సైన్సు శత్రువు కాదు. వోచరు లేకపోవటానికి శత్రువు.

ఇక్కడ నిజాయితీగా ఇంకో మాట చెప్పాలి. అన్ని జబ్బుల్లోనూ స్టెరాయిడ్‌ని పూర్తిగా తప్పించలేం. లూపస్ ముదిరి కిడ్నీని పట్టినప్పుడూ, రక్తనాళాల వాపుతో కిడ్నీ వారాల్లో చెడిపోతున్నప్పుడూ చక్కెర ఉన్న మనిషికి కూడా ఇన్సులిన్ అడ్డుపెట్టి స్టెరాయిడ్ ఇవ్వవలసి రావచ్చు. అక్కడ కూడా వేరే మందులు తోడు చేసి స్టెరాయిడ్ మోతాదునీ, కాలాన్నీ తగ్గిస్తున్నారు. క్షయ ఉన్నవాడికి ముందు క్షయ మందులు మొదలుపెడతారు, హెపటైటిస్ బి ఉంటే దానికి కాపుదల మందు ఇస్తారు. అంటే "పడదు" అన్నది చాలాసార్లు "ఇప్పుడే కాదు" అనో, "ఇంత మోతాదు వద్దు" అనో అర్థం. ప్రత్యామ్నాయ మందులూ చక్కెర బిళ్ళలు కావు. టాక్రోలిమస్ మోతాదు మించితే కిడ్నీనే దెబ్బతీస్తుంది, అందుకే రక్తంలో ఎంతుందో చూస్తూ ఇస్తారు. రిటుక్సిమాబ్ వల్ల నిద్రపోతున్న హెపటైటిస్ బి లేవవచ్చు, అందుకే ముందు పరీక్ష చేస్తారు. మందు పెట్టెలో మడతపెట్టిన కాగితం మీద ఇవన్నీ ఉంటాయి. పొడి పొట్లంలో ఏ కాగితమూ ఉండదు. ఏ హానీ లేదంటే అర్థం హాని లేదని కాదు, ఎవరూ లెక్క రాయలేదని.

కాబట్టి మొదటి బిల్లు చెల్లదు. రెండోది చూద్దాం. వేలమందికి నయమైందట.

ఇందాక చెప్పిన మెంబ్రేనస్ జబ్బులో ఒక విశేషం ఉంది. సుమారు మూడో వంతు రోగులకి రక్షణ వ్యవస్థని అణచే మందు ఏదీ వాడకపోయినా కాలక్రమంలో దానంతట అదే తగ్గుతుంది. ఇది డాక్టర్లు ఎప్పటినుంచో గమనించి రాసిన విషయమే. అందుకే ముప్పు తక్కువగా ఉన్నవాళ్ళకి వెంటనే గట్టి మందులు ఇవ్వకుండా కొన్ని నెలలు బీపీ మాత్రల మీద ఉంచి చూస్తారు. ఇప్పుడు ఒక లెక్క వెయ్యండి. పొడి అమ్మేవాడి దగ్గరికి ఇలాంటి రోగులు వందమంది వచ్చారనుకుందాం. వాడు ఇచ్చింది వట్టి బియ్యప్పిండే అనుకుందాం. అయినా ముప్పై మందికి పైగా తగ్గుతుంది. వాళ్ళు దండలు పట్టుకుని వస్తారు, వీడియోలో మాట్లాడతారు, ఇంకో పదిమందిని తీసుకొస్తారు. వాళ్ళు అబద్ధం చెప్పటం లేదు. నిజంగానే తగ్గింది. మిగతా డెబ్బై మందిలో కొందరు అలాగే ఉంటారు, కొందరు డయాలసిస్‌కి పోతారు, కొందరు పోతారు. డయాలసిస్ మంచం మీద ఉన్నవాణ్ణి ఎవరూ వీడియో తియ్యరు. పోయినవాడు ఎలాగూ ఫిర్యాదు చెయ్యడు. జమ మాత్రమే రాసి ఖర్చు రాయని చిట్టా ఇది. అలాంటి పుస్తకం పట్టుకొస్తే ఒక సబ్ డివిజన్ గుమాస్తా కూడా సంతకం పెట్టడు. మనం మాత్రం అన్న కిడ్నీ, తమ్ముడి కిడ్నీ దాని మీద పెడుతున్నాం!

మా శాఖలోనే పనిచేసి రిటైరైన ఒక మిత్రుడి సంగతి చెబుతాను. పేరు అనవసరం. కాళ్ళు నీరు పడితే చూపించుకున్నాడు. బయాప్సీలో మెంబ్రేనస్ అని తేలింది, యాంటీబాడీ కూడా కనపడింది. ఆయనకి మధుమేహం ఉంది, ఉబ్బసానికి ఏళ్ళ తరబడి వాడిన స్టెరాయిడ్ వల్ల తుంటి ఎముక ఒకటి అప్పటికే కుంగింది. డాక్టరు "మీకు స్టెరాయిడ్ వద్దు, బీపీ మాత్రలు వాడుతూ రిటుక్సిమాబ్ ఆలోచిద్దాం" అన్నాడట. ఈయనకి మొదటి నాలుగు మాటలే వినపడ్డాయి. దారి లేదన్నారని ఇంటికొచ్చి చెప్పాడు. ఎవరో బంధువు ఒక మూలికల వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాడు. ఇంగ్లీషు మందులన్నీ ఆపితేనే పొడి పని చేస్తుందని ఆయన షరతు. బీపీ మాత్రలు కూడా ఆపాడు. పది నెలలు తిన్నాడు. నేను విషయం విని వెళ్ళేసరికి క్రియాటినిన్ 1.4 నుంచి 7 దాటింది. ఇప్పుడు వారానికి మూడు రోజులు డయాలసిస్. ఆయన భార్య మా ఇంటావిడతో "అన్నయ్యగారు ముందే వచ్చుంటే బాగుండేది వదినా" అందట.

ఆ పొడే ఆయన కిడ్నీ తీసిందని నేను అనను. పొట్లాలు పారేశారు, పరీక్ష చేయించలేదు, సాక్ష్యం లేదు. రిటుక్సిమాబ్ వాడి ఉంటే తప్పక బాగుపడేవాడని కూడా అనను. అది వందలో అరవై మందికి పని చేసింది, నలభై మందికి చెయ్యలేదు. నేను అనగలిగింది ఒక్కటే. వందలో అరవై వంతుల అవకాశం ఉన్న పది నెలల కాలాన్ని, ఏ లెక్కా లేని ఒక పొట్లానికి ఆ మనిషి చేత ఇప్పించేశారు. ఆ పది నెలలు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

మూడో బిల్లు: పొడిలో హాని లేదు. ఇక్కడ వోచర్లు లేకపోవటం కాదు, ఎదురు వోచర్లు ఉన్నాయి. 2004లో అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో దొరికే, దక్షిణాసియాలో తయారైన 70 ఆయుర్వేద మందులు కొని పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి బయటపడ్డాయి. 2022లో మన వెల్లూరు సిఎంసి డాక్టర్లు ఇంకా దగ్గరి సంగతి చెప్పారు. మెంబ్రేనస్ జబ్బులోనే నెల్-1 అనే ఒక రకం ఉంది. ఆ రకం వచ్చిన రోగుల్లో చాలామంది నాటు, సంప్రదాయ మందులు వాడినవాళ్ళని తేలింది. ఆ మందులు పరీక్షిస్తే పాదరసం కనపడింది. మందు ఆపేసి మామూలు మాత్రలతో చూస్తే ఎక్కువమందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కేరళలో మలప్పురం జిల్లా వైపు 2021 నుంచి 2023 దాకా వచ్చిన 22 మెంబ్రేనస్ కేసుల్లో 15 నెల్-1 రకం, ఆ 15లో 13 మంది తెల్లబడటానికి పూసుకునే క్రీములు వాడినవాళ్ళు. అక్కడా పాదరసమే. అంటే ఏ జబ్బుకి పొడి అమ్ముతున్నారో ఆ జబ్బునే తెచ్చిపెట్టగల సరుకు పొడిలో ఉండవచ్చు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా?

లోహాలు లేని వట్టి ఆకులు వేళ్ళు అయితే మంచిదేగా అంటారు. 1993లో బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో సన్నబడటానికి మూలికల గుళికలు తిన్న ఆడవాళ్ళకి వరసగా కిడ్నీలు ఎండిపోయినట్టు డాక్టర్లు ప్రకటించారు. ఒక మూలిక బదులు అరిస్టోలోకియా జాతి మొక్క కలిసింది. ఆ తర్వాత వాళ్ళలో చాలామందికి మూత్రనాళాల్లో కాన్సర్ కూడా వచ్చింది. మన దగ్గర ఈశ్వరి, గాడిదగడప అనేవి ఆ జాతి మొక్కలే. పచ్చగా ఉన్నదల్లా పథ్యం కాదు.

ఇక అన్నిటికంటే చోద్యం. స్టెరాయిడ్ లేదని అమ్మే పొడుల్లో, గుళికల్లో దొంగతనంగా స్టెరాయిడే కలపటం. 2022లో అమెరికా ఎఫ్‌డిఎ, కీళ్ళ నొప్పులకి మూలికల పేరుతో అమ్ముడుపోతున్న ఆర్ట్రి కింగ్ అనే సరుకులో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడూ, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందూ దాగి ఉన్నాయని హెచ్చరిక ఇచ్చింది. మొదటిది చక్కెర రోగికి శత్రువు, రెండోది కిడ్నీకి శత్రువు. రెండు రోజుల్లో నొప్పి మాయమై, ఆకలి పుట్టి, ఒంట్లో హుషారు వస్తే "అబ్బ, ఏం మందండీ" అనేముందు అందులో ఏముందో అనుమానించాలి. డాక్టరు కొలిచి ఇచ్చే స్టెరాయిడ్ వద్దని పారిపోయినవాడు, కొలత లేని స్టెరాయిడ్ నోట్లో వేసుకుంటున్నాడన్నమాట.

మరి చట్టం లేదా? భేషుగ్గా ఉంది. 1954లో వచ్చిన మందులు, మంత్రపు చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం ఫలానా జబ్బులని నయం చేస్తామని ప్రకటించటాన్నే నిషేధించింది. దాని పట్టికలో 54 జబ్బులున్నాయి. అందులో అయిదోది "బ్రైట్స్ డిసీజ్". లండన్‌లో రిచర్డ్ బ్రైట్ అనే డాక్టరు 1827లో వర్ణించిన, ఒళ్ళు నీరు పట్టి మూత్రంలో ప్రోటీన్ పోయే జబ్బుకి పాత పేరు అది. అంటే మనం మాట్లాడుకుంటున్నదే. డెబ్బై ఏళ్ళుగా నేరమైన పని రోజూ మన ఫోనులో జరుగుతోంది. గోడ మీద ప్రకటన రాసినవాడి దగ్గర ఫోన్ నంబరు ఉంటుంది, పోలీసులు వెతకనక్కర్లేదు కూడా. అయినా కేసులు పెట్టాలన్న తొందర ఎవరికీ లేదు.

ఇంతవరకు పొడివాణ్ణి తిట్టాను. ఇక మనవాళ్ళ సంగతి. డాక్టర్లలో కొందరు మూడు నిమిషాల్లో రోగిని పంపేస్తారు. "మీకు స్టెరాయిడ్ ఇవ్వలేం" అన్న మాట తర్వాత "కానీ" అన్న మాట రోగి చెవికి చేరేదాకా ఆగరు. కాగితం మీద జబ్బు పేరు తెలుగులో రాసి ఇచ్చినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. పొడివాడి అసలు పెట్టుబడి ఆ మూడు నిమిషాలే. ఖరీదు సంగతి కూడా ఉంది. జబ్బుని అణచే మందు ధర చూసి వెనక్కి తగ్గేవాళ్ళు మూఢులు కారు, పేదవాళ్ళు. డయాలసిస్‌కి ఏళ్ళ తరబడి డబ్బు కట్టే ప్రభుత్వం, డయాలసిస్ దాకా రాకుండా ఆపే మందుకి ముందే కడితే ఖజానాకే లాభం కదా అని లెక్కలవాడిగా అడుగుతున్నాను.

మన హేతువాద సంఘాలవాళ్ళకి కూడా ఒక మనవి. నిప్పుల మీద నడిచి చూపించటం, బాబాల బూడిద గుట్టు విప్పటం మంచి పనులే. కానీ రాత్రి పూట నీరు పట్టిన కాళ్ళు చూసుకుంటూ నిద్రపట్టని మనిషికి "అదంతా మూఢనమ్మకం" అన్న ఉపన్యాసం సరిపోదు. ఆ మనిషి చేతిలో అయిదు ప్రశ్నల కాగితం పెట్టండి. నా జబ్బు పేరేమిటి, బయాప్సీ కావాలా? నాకు స్టెరాయిడ్ ఎందుకు పడదు, ఎప్పటికీనా, ఇప్పటికా? స్టెరాయిడ్ లేకుండా ఈ జబ్బుకి పరీక్షకి నిలిచిన మందులేవి? వాటి హాని ఏమిటి, ఏ పరీక్షలతో కనిపెడతారు? కొన్నాళ్ళు ఆగి చూస్తే నష్టమా? ఈ అయిదింటికీ ఓపిగ్గా జవాబు చెప్పే డాక్టరు దొరికేదాకా రెండో డాక్టర్ని, మూడో డాక్టర్ని అడగటం తప్పు కాదు. ఇప్పటికే స్టెరాయిడ్ వాడుతున్నవాళ్ళు ఎవరి మాటా విని ఒక్కసారిగా ఆపకూడదని కూడా ఆ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి నిద్రపోయి ఉంటుంది, హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదకి వస్తుంది.

చివరిగా పొడి తయారుచేసే పెద్దలకి. మీ పొడి పని చెయ్యదని నేను ముందే తీర్మానించలేదు. పని చేస్తే అందరికంటే ముందు సంతోషించేది మేమే. మెంటార్ పరీక్షకి కావలసి వచ్చింది 130 మంది రోగులూ, రెండేళ్ళ కాలమూ. మీరు వేలమందికి నయం చేశామంటున్నారు, తాతల కాలం నుంచి చేస్తున్నామంటున్నారు. ఆ వేలమందిలోంచి 130 మందిని తీసుకోండి. బయాప్సీతో జబ్బు పేరు తేల్చండి. చీటీలు వేసి రెండు జట్లు చెయ్యండి. పొడిలో ఏముందో ప్రయోగశాలలో తూచి రాయండి. బాగుపడినవాళ్ళనీ, పడనివాళ్ళనీ, పోయినవాళ్ళనీ ఒకే పుస్తకంలో ఎక్కించి అందరికీ చూపించండి. అంతవరకు మీ బిల్లు మీద నేను రాయగలిగేది ఒక్క ముక్కే: వోచరు జతపరచనందున తిప్పి పంపడమైనది.